మహారాణి బొమ్మ

జోస్యం చెప్పే టారో కార్డులు పరుచుకుని, వాటి మీది బొమ్మలను బట్టి తన నవలకు పాత్రలు తయారు చేస్తున్న సురేందర్, బీడీలు చుడుతున్న తల్లి ముందు మహారాణి బొమ్మ పెట్టాడు.

"అవ్వా, గిది నా కథల తల్లి. అచ్చం నువ్వే. అక్క పానం పోంగనే ఎట్ల ఏడ్సినవో చెప్పు."

"ఏడ్వలే. బీడీలు సుట్టిన," అంది భీమవ్వ.

సురేందర్ మహారాణిని తీసేసి దయ్యం బొమ్మ పెట్టాడు.

"గట్లయితే నీకు గిదే సరిపోతది."

భీమవ్వ చేతిలో దారం తెగింది.

"గా పొద్దుగాల నీకు పదో తరగతి పరీక్ష ఉండె బిడ్డా. అక్క పండుకుందని చెప్పి, దుప్పటి కప్పి, నువ్వు బోధన్ బస్సెక్కేదాంక సుట్టిన."

సురేందర్ కళ్ళు మెరిశాయి.

"ఆగవ్వా, పెన్ను తెచ్చుకుంట! పొల్లు పోకుండ మళ్ళ మొదటి నుంచి చెప్పు."

భీమవ్వ ఆ రోజులాగే, ఏడవకుండా, ఇంకో ఆకు చేతిలోకి తీసుకుంది.