రెండు నోళ్లు, ఒకే మాట

"ప్రార్థన కూడికలో ఏం పెట్టినారు?"

"ఉప్మా."

"ఎవురు వడ్డించినారు?"

"అది నువ్వు చెప్పలేదే!"

కొండలయ్య నెత్తి కొట్టుకున్నాడు. "ఇదేరా సామ్యేలూ, కాంట్రడిక్షన్ పుట్టే చోటు! లిదియమ్మే వడ్డించింది. గుర్తు పెట్టుకో."

శనివారం ఇద్దరూ ఆత్మకూరులో ప్రార్థన కూడికకని చెప్పి ఉదయగిరిలో బస్సెక్కారు. అక్కడ తేలింది మాత్రం సినిమా డేరాలో. ఆడవాళ్లకు కట్టిన పరదా పక్కన చోటు చూసుకుని, ఆట అయ్యేదాకా నవ్వుతూనే ఉన్నారు. వాళ్లు డేరా వైపు పోతుంటే చూసినవాళ్లెవరో పాస్టరుగారి చెవిన వేశారు. ఇవాళ విచారణ. సినిమా చూసినట్టు తేలితే కొండలయ్య సంఘపెద్ద పదవి ఊడుతుంది.

"పెద్దరికం పోతే నాకు మిగిలేది పేదరికమేరా!"

కొండలయ్య నవ్వితే ఉదయగిరి కొండ మారుపలుకుతుందంటారు. ఇవాళ ఆ నోరు అబద్ధాలు వల్లె వేస్తోంది.

"ఇంతకీ కాంట్రడిక్షనంటే ఏందన్నా?"

"ముందు చెప్పిన మాటని ఎనక చెప్పిన మాట కొమ్ములతో కుమ్మడం. నా మాటని నీ మాట కుమ్మినా అదే."

ఇది డిక్షనరీ చూసి నేర్చింది కాదు, బోనెక్కి నేర్చింది. ఆమధ్య ఆత్మకూరు కోర్టులో మేక దొంగతనం కేసుకు సాక్ష్యం పోయి, పొద్దున నల్లమేక అన్నాడు. భోజనాలయ్యాక అదే మేకను తెల్లగా చేశాడు. "కాంట్రడిక్షన్!" అని ప్లీడరు అరిచాడు. మెచ్చుకున్నాడనుకుని కొండలయ్య దణ్ణం పెట్టాడు. కోర్టంతా నవ్వింది. ఎందుకో తెలియకపోయినా, అందరికంటే గట్టిగా కొండలయ్యే నవ్వాడు.

పాస్టరుగారు ఒకణ్ణి వరండాలో ఉంచి ఇంకొకణ్ణి అడిగారు. ఏం పాట పాడారు? ఏ వాక్యం చదివారు? ఎవరు వడ్డించారు? రెండు నోళ్లు, ఒకే మాట. వింజమూరు పుట్టింటికి పోయి నిన్ననే వచ్చిన పాస్టరమ్మ ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి, "మాటలు కలిసినాయి గదండీ, ఇంక ఇడిసిపెట్టండి" అంది.

కొండలయ్య చెయ్యి మీసం మీదికి పోయింది. అంతలో గుమ్మంలో లిదియమ్మ! ప్రతి శనివారం ఆత్మకూరులో తన ఇంట్లో కూడిక పెట్టే, ఇంటింటికీ పోయి వాక్యం చెప్పే బైబిల్ వుమన్.

"సమయానికి వచ్చావమ్మా. మొన్న శనివారం వీళ్లు మీ ఇంటికి వచ్చారా?"

కొండలయ్య గొంతులో మజ్జిగ మళ్లీ పెరుగై గడ్డకట్టింది.

లిదియమ్మ అతన్ని చూసింది. పాస్టరమ్మను చూసింది.

"రాకేం అయ్యగారూ! కొండలయ్యన్న గొంతే గదా అందరికంటే పైన ఇనిపించింది!"

పాస్టరుగారు విచారణ ముగించారు. కొండలయ్యకు కళ్లనీళ్లు తిరిగాయి. ఒక్క అబద్ధం ఎరగని మనిషి, తనకోసం నోరు పాడు చేసుకుంది! గేటు దాకా వెంటపడ్డాడు.

"తల్లీ, నా మానం కాపాడినావు. నీ మేలు మర్చిపోను."

లిదియమ్మ ఇంటివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"మేలు సంగతి అట్టుండనీ గానీ, ఈసారి అట్టా పగలబడి నవ్వబాకన్నా, పరదా అవతల నాకూ పాస్టరమ్మకీ ఒక్క పాట సరిగ్గా ఇనపళ్లేదు!"