అన్నం తిని వెళ్ళు

మా అక్క కూతురు వెనింగ్ హాలండ్‌లో చదువు ముగించుకుని మా ఊరు జోగ్జాకు తిరిగొచ్చింది. నన్ను చూసి వెళ్ళబోతుంటే, మర్యాదకు "అన్నం తిని వెళ్ళవే" అన్నాను.

"సరే పిన్నీ, పెట్టు" అని కూర్చుంది!

జావాలో పుట్టిన పిల్ల మొదటి పిలుపుకే కూర్చుంటుందా? రెండుసార్లు వద్దనాలి, మూడోసారి బతిమాలితే తినాలి. నా కోసం వేయించుకున్న సోయా గింజల టెంపె ముక్కలన్నీ దాని కంచంలోకే పోయాయి.

"అంత దూరం వెళ్ళి నేర్చుకున్నది ఇదేనటే? సిగ్గు అక్కడే వదిలేసి వచ్చావా?"

"మొదట్లో నేనూ వద్దనేదాన్ని పిన్నీ. అక్కడివాళ్ళు 'సరే' అని గిన్నె తీసేసేవాళ్ళు. పస్తు పడుకునేదాన్ని. ఇప్పుడు మనసులో ఉన్నదే చెబుతాను. ఎదుటివాళ్ళు చెప్పిందే నమ్ముతాను."

"అబ్బో, ఎంత ఎదిగిపోయావే! ఆకలేస్తే అన్నం అడగడం మా పిల్లికీ వచ్చు. అదేం విమానమెక్కలేదు."

అది నవ్వి, కంచం కడిగింది. కారుతున్న కప్పు కింద నిండిన బకెట్టు పారబోసింది. గుమ్మంలో ఆగి అంది: "ఈ కారే ఇంట్లో ఒక్కదానివీ ఎందుకు పిన్నీ? మాతో వచ్చెయ్. అమ్మ నీకోసం గది సర్దింది."

మా ఆయన పోయినప్పటి నుంచీ ఆ మాట కోసమే చూస్తున్నాను.

"అయ్యో, వద్దులేవే, మీకెందుకు శ్రమ" అన్నాను.

"సరే పిన్నీ" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

నేనింకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఇంకా రెండుసార్లు అడగాలి కదా, మర్యాద తెలియని పిల్ల!