వేట మొదలయ్యేలోపు

కేసు పెట్టడానికి వచ్చిన మనిషి నోరు విప్పదు. వెంట వచ్చిన మనిషి ఊరుకోడు. బందరు కోర్టులో లాయరు జెస్సీకి ఇది కొత్తేం కాదు. ఆడవాళ్ల తరఫున ఉచితంగా వాదించడానికి ప్రభుత్వం పెట్టిన లాయరు ఆవిడ. ఎదురుగా ఒక ఏడుపు, పక్కన ఒక అన్నో తమ్ముడో. రోజూ ఇదే వరస.

ప్రసన్నలక్ష్మి కొంగు నుదుటి మీదికి లాక్కుని కూర్చుంది. అయినా కనుబొమ్మ దగ్గర కుట్ల మచ్చ కనిపిస్తూనే ఉంది.

“వాడు తాగితే కొడతాడండి,” అన్నాడు ఆమె పక్కన కూర్చున్నతను. “ఈ రెండు నెలలూ చేపల వేట నిషేధం, చేతిలో డబ్బుల్లేవు, అందుకని మంచోడే. ఎల్లుండి బోట్లు సముద్రం మీదికి వెళ్తాయి. తిరిగొచ్చాడంటే మళ్లీ మొదలు. ఈలోపే ఇంటి గడప తొక్కకుండా ఆర్డరు తెప్పించండి.”

జెస్సీ ప్రసన్నలక్ష్మిని అడిగింది. మరీ అంత కొట్టడని, మనసు మంచిదని ఆమె గొణిగింది. కొట్టేవాడి మనసు మంచిదనే ఆడవాళ్లను జెస్సీ ఎంతమందిని చూడలేదు!

“మత్తు దిగాక కాళ్లు పట్టుకుంటాడండి. ఇది కరిగిపోద్ది. నిద్దట్లో కూడా ఉలిక్కిపడుద్ది, అయినా కరిగిపోద్ది. వాణ్ణి నమ్మొద్దని మీరైనా చెప్పండి.”

“ఆ కుట్లు పడ్డ రోజు మీరు చూశారా?”

“అక్కడే ఉన్నానండి.”

“ఆపలేదా?”

అతను నేలకేసి చూశాడు. “ఆపలేకపోయానండి.”

జెస్సీకి ఒళ్లు మండింది. అన్నవై ఉండి గుడ్లప్పగించి చూశావా అని కడిగేసింది. అతను తప్పంతా నాదేనండి అని కళ్లు తుడుచుకున్నాడు. ప్రసన్నలక్ష్మి ఏదో చెప్పబోతే చేత్తో వారించాడు.

ఆ ఏడుపు చూసి జెస్సీ మెత్తబడింది. పోనీలెండి, ఇప్పటికైనా తీసుకొచ్చారు, చాలామంది ఈపాటి కూడా చెయ్యరు అంది. తిట్లన్నీ తలొంచుకుని పడ్డ మనిషి ఆ మెప్పుకు ముడుచుకుపోయాడు.

ఇక అర్జీ రాయాలి. జెస్సీ పెన్ను తీసి, భర్త పేరు చెప్పమంది.

ప్రసన్నలక్ష్మి పెదవి కదపలేదు. మొగుడి పేరు పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందట. కేసు పెట్టేటప్పుడు కూడా అదే పట్టింపు. నవ్వాలో ఏడవాలో తెలియక జెస్సీ అతనివైపు తిరిగింది.

“పేరూ అడ్రసూ మీరే చెప్పండి. వాడికి నోటీసు పంపాలి.”

“పేరు శ్రీను అండి, ఊరు గిలకలదిండి,” అంటూ అతను లేచి రెండు చేతులూ చాపాడు, “పోస్టులో ఎందుకండీ, నా నోటీసు నా చేతికే ఇచ్చెయ్యండి.”