మచ్చుతునక

“మా వాడేమన్నా కుక్కపిల్లా, బిస్కెట్ చూపించి ఆడించడానికి?”

ట్రైనర్ చేతిలోని బిస్కెట్ ముక్కను తల్లి విసురుగా లాక్కుంది. బల్లకు అవతల చిన్న కుర్చీలో కూర్చున్న గువ్వ మాత్రం, ఖాళీ అయిపోయిన ట్రైనర్ వేళ్ళకేసే చూస్తున్నాడు. సంతోషం వస్తే చేతులు రెక్కల్లా ఆడిస్తాడని తల్లి పెట్టుకున్న ముద్దుపేరు గువ్వ. ఆ చేతులే ఇప్పుడు బల్లమీద బోర్లా పడి ఉన్నాయి. అవి కదిలినప్పుడల్లా ట్రైనర్ పట్టుకుని మళ్ళీ బల్లకు అదుముతోంది. “కళ్ళలోకి చూడు” అంటోంది. చూస్తే చిటికెడు బిస్కెట్, ఆపైన చప్పట్లు. చూడకపోతే ఏమీ లేదు. వాడు గొంతు చించుకుని ఏడ్చినా గదిలో ఎవరూ వాడి వైపు తల తిప్పరు. ఆటిజం పిల్లల కోసం పెట్టిన ఈ సెంటర్లో అదీ చికిత్సలో భాగమేనట! చూసేవాళ్ళకు ఒళ్ళు కంపరమెత్తే ఈ తతంగానికి తోడు, గోడల నిండా నవ్వే పిల్లల ఫొటోలు.

“గొడవ చేయకు,” తండ్రి గొంతు తగ్గించి అన్నాడు. “ఇవాళ ఊరికే చూపిస్తున్నారు. నచ్చితేనే కదా చేర్చేది.”

“ఏం చూపిస్తున్నారు? బిడ్డ ఏడుస్తుంటే అటు తిరిగి కూర్చోవడమా?”

“మరేం చేద్దామో నువ్వే చెప్పు. ఏ స్కూలూ వీణ్ణి చేర్చుకోవట్లేదు. మొన్న నా చెయ్యి విదిలించుకుని బస్సుకు అడ్డంగా పరిగెత్తాడు. రేపు మనం పోయాక వీణ్ణి ఎవరు చూస్తారే?”

తల్లి లాక్కున్న బిస్కెట్ ముక్కను పిడికిట్లో బిగించింది.

సెంటర్ నడిపే మేడమ్ తలుపు తోసుకుని వచ్చింది. బయటికి వినబడిన అరుపులకే వచ్చినా, ముఖంలో నవ్వు చెక్కుచెదరలేదు.

“చేతులు ఆడిస్తే ఎవరికేం నష్టమండీ?” తల్లి ఆవిడ మీదికే వెళ్ళింది.

“నష్టమేం లేదమ్మా. కానీ చూసి లోకం నవ్వుతుంది కదా?”

“అయితే ఆ లోకానికే నేర్పండి, నవ్వొద్దని. మీ దగ్గర బోలెడు బిస్కెట్లున్నాయిగా!”

తండ్రి తల పట్టుకున్నాడు. మేడమ్ మాత్రం ఇంకాస్త నవ్వింది.

“మొదట్లో అందరు తల్లులూ ఇలాగే అంటారు. నాకు కోపం రాదు. మాటలతో నమ్మించడం నా పద్ధతి కాదు. మా చేతుల మీదుగా పెరిగినవాణ్ణే చూపిస్తాను,” అని తలుపు వైపు తిరిగి చిటిక వేసింది.

ఆ చిటికకు ఒక మనిషి లోపలికి వచ్చాడు. పాతికేళ్ళుంటాయేమో. మడత నలగని చొక్కా, పక్కపాపిడి. తండ్రికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. తల్లి కళ్ళలోకి సూటిగా చూసి, “బాగున్నారా అండీ?” అన్నాడు.

“వీడి వయసులో ఇతనికి మాటలే లేవు. తల గోడకేసి కొట్టుకునేవాడు. ఇప్పుడు మా ఆఫీసులో కంప్యూటర్ పనంతా ఇతనిదే,” అంది మేడమ్.

“చూశావా?” తండ్రి ముఖం విప్పారింది. “ఎంత పద్ధతిగా ఉన్నాడో చూడు!”

తల్లి ఆ కుర్రాడి ఎదుట నిలబడింది.

“నిన్నూ ఇలాగే కూర్చోబెట్టారా బాబూ?”

“అవునండీ.”

“కష్టంగా అనిపించలేదా?”

“లేదండీ. నా మంచికే కదండీ.”

“ఏడ్చేవాడివా?”

“మొదట్లో ఏడ్చేవాణ్ణండీ. తర్వాత మానేశానండీ.”

ప్రతి జవాబు చివరా ఒకే కొలత నవ్వు. పై పెదవి మీద మాత్రం చెమట పట్టి ఉంది. ఏసీ గదిలో చెమటేమిటనుకుంది తల్లి. కొత్తవాళ్ళ ముందు బెరుకేమోలే అని సర్దుకుంది.

“మా వాణ్ణి ఇక్కడ చేర్చమంటావా? నిజం చెప్పు నాయనా. వీళ్ళెవరి మాటా నేను నమ్మను. నువ్వు పడ్డవాడివి, నువ్వు చెప్పిందే చేస్తాను.”

కుర్రాడు ఒక్కసారి మేడమ్ వైపు చూశాడు. మళ్ళీ తల్లి కళ్ళలోకి చూశాడు.

“తప్పకుండా చేర్చండి. మీ బాబు కూడా నాలాగే అవుతాడు.”

లాక్కున్న బిస్కెట్ ముక్క తల్లి పిడికిట్లోనే నలిగి జిగటగా అంటుకుపోయింది. అరచేతిని రుమాలుకేసి రుద్ది రుద్ది తుడుచుకుంది. అసహ్యం మాత్రం పోలేదు. కానీ తన అసహ్యం రేపు బిడ్డకు అన్నం పెడుతుందా?

“సరే. రేపట్నుంచి తీసుకొస్తాను,” అంది తల దించుకుని.

ట్రైనర్ చప్పట్లు కొట్టింది. తండ్రీ కొట్టాడు. ఆ చప్పుడికి గువ్వ రెండు చెవులూ మూసుకున్నాడు. ట్రైనర్ వెంటనే ఆ చేతులు దించి బల్లమీద పెట్టింది.

కుర్రాడు మేడమ్ దగ్గరికి వెళ్ళి చిన్నపిల్లాడిలా ఆవిడ చూపుడువేలు పట్టుకున్నాడు.

“అమ్మా, వాళ్ళు ఒప్పుకున్నారు కదా...”

తల్లి ఉలిక్కిపడి చూసింది. కుర్రాడివి అచ్చం మేడమ్ కళ్ళే, మేడమ్ గడ్డమే.

మేడమ్ వేలు విడిపించుకుంది. నవ్వు మటుకు అలాగే ఉంది.

“ఇంట్లోనే అమ్మని,” అంది పళ్ళ బిగువున. “ఇక్కడ ఏమని పిలవాలి?”

“మేడమ్,” అన్నాడు కుర్రాడు ఆవిడ కళ్ళలోకి సూటిగా చూస్తూ. “పొద్దుట్నుంచీ ఆపుకున్నాను మేడమ్. అన్నీ సరిగ్గానే చెప్పాను. ఇప్పుడైనా బాత్రూంకి వెళ్ళనా?”