మేడ మీది అభిమాని

పైలట్‌కి ఈ లోకంలో ఒకే ఒక అభిమాని ఉంది.

రన్‌వే గోడ పక్కనే ఆవిడ ఇల్లు. అతని చిన్న విమానం దిగుతుంటే చాలు, మేడ మీద నిలబడి చెయ్యెత్తేది.

అతనూ లోపలి నుంచి చెయ్యి ఊపేవాడు. ఈ సంగతి చెప్పి చెప్పి తోటి పైలట్ల ప్రాణాలు తోడేసేవాడు.

మొన్న ఆవిడ రెండు చేతులా దుప్పటి పట్టుకుని, గెంతుతూ ఊపింది.

అభిమానం ముదిరిందని అతను మురిసిపోయాడు. రెక్కలు కూడా అటూ ఇటూ ఊపి దర్జాగా దిగాడు. దిగాక తెలిసింది, కింద చక్రాలు లేవని.

విమానం పొట్ట మీద పాక్కుంటూ పోయి గడ్డిలో ఆగింది. ఒంటికి దెబ్బ తగల్లేదు. దెబ్బంతా లైసెన్సుకే తగిలేలా ఉంది.

ఎవరూ రాకముందే చక్రాలు దించే మీట కిందికి నొక్కేసి, "నేను దించాను, అవే దిగలేదు," అని మొదలుపెట్టాడు.

విచారణ అధికారి విమానాన్ని జాకీల మీద ఎత్తించి మీట నొక్కాడు. మూడు చక్రాలూ బుద్ధిమంతుల్లా బయటికొచ్చాయి.

"గాల్లో మొరాయించాయండీ," అన్నాడు పైలట్.

"చూసినవాళ్ళున్నారా?"

"ఎందుకు లేరు? నా అభిమాని ఉంది," అంటూ తనే అధికారిని ఆ ఇంటికి వెంటబెట్టుకెళ్ళాడు.

తలుపు తీసిన పెద్దావిడ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఆ పైలట్‌వి నువ్వేనా నాయనా? చక్రాలు దించు మహానుభావా అని దుప్పటి చిరిగేలా ఊపితే, నాకు టాటా చెబుతావా?"

అధికారి దగ్గొచ్చినట్టు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"మరి రోజూ ఎందుకు చెయ్యెత్తేవారమ్మా?" పైలట్ అడిగాడు.

"మూడు చక్రాలూ కనిపించాయి, ఇక దిగమని."

"ఈ పని మీకెవరు చెప్పారు?" అన్నాడు అధికారి.

ఆవిడ వంటింటి గోడ చూపించింది. మధ్యలో గుమ్మమంత మేర ఇటుకలు వేరే రంగులో ఉన్నాయి.

"ఒకాయన ఇతనిలాగే చక్రాలు మరిచిపోయి, విమానంతో సహా గోడ పడగొట్టుకుని పొయ్యి దాకా వచ్చాడు."

"ఆయనేమయ్యాడు?"

"ఏమవుతాడు? గోడ లేచేదాకా రోజూ వచ్చి క్షమాపణ చెప్పి, చివరికి నన్నే చేసుకున్నాడు. ఆయన దిగేటప్పుడల్లా మేడెక్కి చక్రాలు చూసేదాన్ని. ఆయన పోయాడు, ఆ అలవాటు పోలేదు."

పైలట్ ఆ ఇటుకల మీద చెయ్యి వేసి చూశాడు. తర్వాత అధికారి వైపు తిరిగి, "మీట నేను దిగాక నొక్కానండీ," అన్నాడు.

భర్తను క్షేమంగా దించుకోవడానికి ఎక్కిన ఆ మేడ మీద నుంచే ఆవిడ, ముక్కూ మొహం తెలియని తనను కూడా ఇన్నాళ్ళూ దించుతూ వచ్చిందని అతనికి అప్పటికి తెలిసింది.