తోక మీద ఎర్రగుడ్డ

రాత్రంతా కొట్టిన గాలివాన తెల్లారేసరికి వెలిసింది. ఆకాశం మాత్రం మాడిన మూకుడు అడుగులా నల్లబడి, కద్మా బస్తీ మిద్దెల మీదికి వంగే ఉంది.

"ఈ పూట ఎల్లకే తల్లీ," అన్నాడు తవిటయ్య, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

కూతురు యోగిత తెల్ల యూనిఫాం చొక్కాకి గుండీలు పెట్టుకుంటోంది. సోనారి ఏరోడ్రోమ్ నుంచి కలకత్తా వెళ్లే చిన్న విమానంలో రెండో పైలట్‌గా ఆమెకి అదే మొదటి రోజు.

"హటో నాన్నా, లేటవుతోంది."

"దాని వొయసెంతో తెలుసా నీకు? నీకన్నా పదేళ్లు పెద్దది. ఆ రకం ఇమానాలు ఇప్పటికి ఇరవైమూడు కూలిపోనాయి. పక్కింటి అశోకు ఫోన్లో సూసి సెప్తే రాసుకున్నాను."

జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. స్టీలు ప్లాంటులో క్రేన్ కింద నిలబడి, చేతి సైగలతో బరువులు ఎత్తించి దింపించే పని ఆయనది. ఎక్కడ ఏ ప్రమాదం జరిగినా, ఎందుకు జరిగిందో రాసిపెట్టుకోవడం ముప్ఫై ఏళ్ల అలవాటు.

"మంచు పట్టి రెండు. ఇంజిను ఆగిపోయి తొమ్మిది. కొండ గుద్దుకుని ఎనిమిది. మిగతా నాలుగూ..." ఆయన గొంతు తగ్గింది. "రేత్రి గాలికి తోక కొట్టుకోకుండా లాక్ బిగిత్తారట. పొద్దున్న దాన్ని తియ్యడం మర్సిపోనారు. లాక్‌కి ఎర్రగుడ్డ ఏలాడతానే ఉంది. ఎవుడూ సూడనేదు. నేల మీద బాగానే పరిగెట్టాయట. పైకి లెగిసినాకే తెలిసిందట."

"పడినవి రాసుకున్నావు. పడకుండా తిరిగినవెన్నో రాశావా?" యోగిత నవ్వింది. "ఒకటి పడ్డప్పుడల్లా ఒక రూల్ పుట్టింది నాన్నా. పాతదంటే దాని రోగాలన్నీ తెలిసిపోయినట్టే. అది సరే, నీ క్రేన్ వయసెంత?"

తవిటయ్య పుస్తకం జేబులో పెట్టుకున్నాడు, గుమ్మం మాత్రం వదల్లేదు.

"పిల్ల మొదటి దినం డూటీకెల్తంటే సావుల లెక్క సదూతావేటి? తప్పుకో," అంది వంటింట్లోంచి భార్య సన్యాసమ్మ.

తప్పుకున్నాడు. కానీ కాలు నిలవలేదు. సైకిలు తీసి ఏరోడ్రోమ్ ప్రహరీ దాకా తొక్కాడు. క్యారియర్ మీదికెక్కి, గోడ పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

విమానం షెడ్డు దగ్గర్నుంచి కదిలింది. ముందు వరసలో కుడి పక్కన కూతురు ఉంటుందని తెలుసు. అద్దం మీద మబ్బు నీడ తప్ప ఏమీ కనబడలేదు. విమానం వంపు తిరిగింది.

తోక మీద ఏదో ఎర్రగా రెపరెపలాడింది.

తవిటయ్య అరిచాడు. ఇంజన్ల మోతలో ఆ అరుపు ఆయనకే వినబడలేదు. గోడ మీదికి ఎగబాకాడు. ముళ్లతీగ అరచెయ్యి చీల్చింది. రెండు చేతులూ బార్లా చాపి, అరచేతులు నేల వైపు తిప్పి, అడ్డంగా ఊపడం మొదలుపెట్టాడు. ప్లాంటులో ఆ సైగ కనబడితే క్రేన్ ఆగి తీరాలి. చేసినవాడు జీఎం అయినా, ఊడ్చేవాడైనా సరే.

"ఏ చాచా! పాగల్ హో క్యా? ఉతరో!" గార్డు పరిగెత్తుకొచ్చి కాలు పట్టి లాగాడు.

"దిగను. అదాగితేనే దిగుతాను."

విమానం రన్‌వే చివరికి పోయి ఇటు తిరిగింది. మోత పెరిగింది. కదిలింది. తవిటయ్య కళ్లు మూసుకోలేదు. చేతులు ఆపలేదు. మోచేతి దాకా నెత్తురు కారుతోంది.

ఉన్నట్టుండి విమానం ముక్కు కిందికి వంగింది, టైర్లు కీచుమన్నాయి. నిలిచిపోయింది.

అప్పుడు ఆయన గోడ మీంచి గార్డు చేతుల్లోకి జారిపోయాడు.

ఏరోడ్రోమ్ ఆఫీసరు నారాయణమూర్తి ఆయన్ని తన గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, చేతికి కట్టు కట్టించాడు.

"మీ సైగ చూసే పైలట్ ఆపాడు. లాక్ అలాగే ఉందండీ. ఇంకో అర నిమిషం గడిచుంటే..." అని ఆపేశాడు.

"కాయితం ఇప్పించండి బాబూ."

"ఎందుకు?"

"మా ప్లాంటులో ప్రమాదం తప్పితే, తప్పిందిలే అని ఊరుకోరు. సూసినోడు రాసిచ్చి సంతకం పెట్టాల."

నారాయణమూర్తి కిటికీ వైపు చూశాడు. "మేం చూసుకుంటాం లెండి. మీరు ఇంటికెళ్లండి. అమ్మాయి భయపడి ఉంటుంది."

"బయపడదేటి మరి! ఎవుడో ఎదవ నిద్దరకల్లతో తిరిగితే నా పిల్ల పేనం పోయుండును. కాయితం ఇప్పించండి."

కాగితం వచ్చింది. కట్టు కట్టిన చేత్తోనే తవిటయ్య అక్షరం అక్షరం దిద్దినట్టు రాశాడు. చివర్న ఇంకో మాట చేర్చాడు: లాక్ తీశారని చూసినట్టు సంతకం పెట్టిన మనిషిని ఇక ఏ విమానం దగ్గరికీ రానివ్వకూడదు.

"ఆ ఆఖరి ముక్క కొట్టెయ్యండి తవిటయ్య గారూ."

"కొట్టను."

"మరొక్కసారి ఆలోచించుకోండి."

"ఇందులో ఆలోసనేటి బాబూ? ఇయ్యాల నా పిల్ల. రేపు ఇంకోడి పిల్ల."

నారాయణమూర్తి కాగితం తీసుకుని ఫైల్లో పెట్టాడు.

మధ్యాహ్నానికి యోగిత ఇంటికొచ్చింది. సన్యాసమ్మ కూతురి తలా, భుజాలూ తడిమి తడిమి చూసుకుని, ముగ్గురికీ కంచాలు పెట్టింది. వేడన్నం, పప్పు, బెండకాయ వేపుడు. పొద్దుటి భయం దిగి, తవిటయ్యకి మాట పుంజుకుంది.

"గట్టిగా రాసిచ్చానే తల్లీ. ఆ సంతకం పెట్టినోడెవుడో గాని, ఆడికి ఈ జన్మలో మల్లీ ఇమానం మొకం కనబడదు."

"చదివాను. సార్ చూపించారు," అంది యోగిత, అన్నం కలుపుతూ. "బయల్దేరే ముందు చుట్టూ తిరిగి చూసి సంతకం పెట్టేది రెండో పైలటే నాన్నా."

ఆ తర్వాత ముగ్గురూ తలెత్తకుండా తిన్నారు.