ఎలక డ్యూటీ

"ఓలమ్మో! గుడ్డు పోనాదయ్యా!"

పెరట్లోంచి భార్య గున్నమ్మ కేక వినగానే గోపాలం టీ గ్లాసు అరుగు మీద పెట్టేసి పరిగెత్తాడు. గంపలో చుక్కల పెట్ట రెక్కలు పరుచుకుని పొదుగుతూనే ఉంది. గున్నమ్మ దాన్ని కాస్త పైకెత్తి చూపించింది. పదకొండు గుడ్లు పెట్టారు. పదే ఉన్నాయి.

"ఎలకే. ఇంకేటుంటాది?" అంది. "పోయినేడు క్వార్టర్లోనూ పిల్లల్ని ఒక్కొక్కటే ఎత్తుకుపోనాది కాదూ? ఒక్కటంటే ఒక్కటి మిగిలిందా?"

గోడవార ఓ బొక్క కనబడింది. గోపాలం దాని ముందు గొంతుక్కూచుని చాలాసేపు చూశాడు.

ఆ రోజు శనివారం. సోమవారం నుంచి అతను జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాల లోడింగు దగ్గర కాపలా పనికి వెళ్లాలి. స్టీలు ప్లాంటులో ముప్ఫై నాలుగేళ్లు చేసి రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి, కోహ్కా బస్తీలో ఈ రెండు గదుల ఇంటికొచ్చి నాలుగు నెలలైంది. చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. దుమ్ము జోలికి పోతే ప్రాణం మీదకొస్తుందని డాక్టరు గట్టిగానే చెప్పాడు. గున్నమ్మ వారం రోజులు పోట్లాడింది, ఏడ్చింది, అన్నం మానేసింది.

"ఇంట్లో కూకుంటే తుప్పట్టిపోతానే," అన్నాడు గోపాలం.

ఆ తర్వాత ఆమె మళ్లీ ఆ మాటెత్తలేదు. ఒప్పుకుందనుకున్నాడు.

ఆదివారం కాంట్రాక్టరు మనిషి మురళీధర్ స్కూటర్ మీద వచ్చాడు.

"గోపాలం భయ్యా, రేపు పక్కా కదా?"

"నాలుగు రోజులాగు భాయ్. పొదుగు మీదున్న పెట్టకి ఎలక పడింది."

"అరే యార్! ఎలక కోసం నౌకరీ ఆపుతావా? మందు పెట్టెయ్, ఖతమ్!"

"మందు తిన్న ఎలక ఏ మూలో చస్తాది. దాన్ని కోడి పొడిచిందనుకో, అదీ చస్తాది. ఇది మందుతో తేలే పని కాదు."

గున్నమ్మ ఇద్దరికీ టీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది.

గోపాలం సీసాలు పగలగొట్టి, ఆ గాజు ముక్కలు బొక్కలో కుక్కి, పైన సిమెంటు పూశాడు. చీకటి పడకముందే పెరట్లో గింజ మిగలకుండా ఊడ్చాడు. గురువారం మురళీధర్ మళ్లీ వచ్చాడు. "రేపొచ్చేస్తాను," అని మాటిచ్చాడు గోపాలం.

తెల్లారేసరికి ఇంకో గుడ్డు మాయమైంది.

ఇక అతనికి పంతం వచ్చింది. పాత సామాన్ల కబాడీవాడి దగ్గర ఇనప కడ్డీలు తెచ్చి, నడుమెత్తున బల్ల చేశాడు. నాలుగు కాళ్లకీ నూనె డబ్బాలు బోర్లించి తొడిగాడు. నున్నటి రేకు మీద ఎలక గోరు నిలవదు. బల్ల మీద గంప, గంప చుట్టూ వేలు కూడా పట్టని కన్నాల జాలీ.

"ఇయాల్టినుంచి షిఫ్టులు," అన్నాడు. "ఫస్టు షిఫ్టు నీది. సెకండూ నైటూ నావి. రిలీవరు రాకుండా పోస్టు ఒదిలెల్లకూడదు, తెలిసిందా?"

"ఓహో, ఫోర్‌మను గారూ! మరి నాకు హెల్మెట్టిస్తారా?"

అతనికి నవ్వొచ్చింది. నాలుగు నెలల్లో అదే మొదటిసారి.

మధ్యాహ్నాలు పెట్టకెదురుగా మంచం వేసుకు కూర్చునేవాడు. అది రోజుకొక్కసారి దిగి, నాలుగు గింజలు మింగి, నీళ్లు తాగి, గబగబా వెనక్కెళ్లిపోయేది. మధ్యమధ్య ముక్కుతో గుడ్లని తిప్పేది. మిగతా పొద్దంతా కదలకుండా కూర్చోవడమే. దీన్ని పనీపాటా లేనిదని ఎవరంటారు? కూర్చోవడం కూడా పనేనన్నమాట. ఆ మాట అతని మనసులో ఎక్కడో కుదురుకుంది. పెరటి గాలికి ఛాతీలో పిల్లికూతలు కూడా తగ్గాయి.

మొదటి గుడ్డు పోయిన పదో రోజు సాయంత్రం స్కూటర్ ఆగింది.

"ఆఖరి మాట భయ్యా. రేపు పొద్దున రాకపోతే బలరాంని పెట్టేస్తాను."

"వస్తాను. ఇప్పుడు బందోబస్తు గట్టిగానే ఉంది."

మర్నాడు అతను చొక్కా వేసుకుంటూ ఉండగా, ఫస్టు షిఫ్టులో ఉన్న గున్నమ్మ గొల్లుమంది. "ఓలయ్యా, మళ్లీ పోనాది!"

గోపాలం లెక్కపెట్టాడు. ఎనిమిది. డబ్బాల మీద గీత లేదు. జాలీ చెక్కు చెదరలేదు.

"ఇది మామూలు ఎలక కాదే," అన్నాడు మెల్లగా. చొక్కా విప్పి దండెం మీద పడేశాడు. "దీన్నొదిలేసి నేనెక్కడికెల్తాను? బలరాంని పెట్టుకోమని కబురు చెయ్యి."

జాముల్ పని బలరాంకి పోయింది. గోపాలం కంటి మీద రెప్ప వెయ్యలేదు. ఆ తర్వాత ఒక్క గుడ్డు కూడా పోలేదు.

పొదుగు మొదలైన ఇరవై ఒకటో రోజు ఎనిమిది గుడ్లూ చిట్లాయి. మర్నాటికి ఎనిమిది పిల్లలూ తల్లి రెక్కల్లోంచి తలలు బయటపెట్టి కిచకిచమన్నాయి.

"మొత్తానికి నువ్వే గెలిచినావయ్యా," అంది గున్నమ్మ, కొంగుతో కళ్లొత్తుకుంటూ. సంతోషమనుకున్నాడు. ఆమె గోడ దగ్గరికి పరిగెత్తి, "లూసీ! పిల్లలు లేచినాయే!" అని పిలుస్తూ పక్కింటికి వెళ్లిపోయింది.

పిల్లలకి ఆకలేస్తోంది. గున్నమ్మ వచ్చేదాకా ఎందుకు, తనే పెడదామని గోపాలం వంటింట్లోకి వెళ్లాడు. నూకల డబ్బా పైఅరలో, అన్నిటికన్నా వెనకాల ఉంది. మూత బిగుసుకుపోయి ఉంటే గరిటె కాడతో ఎత్తాడు. గుప్పెడు తీద్దామని చెయ్యి లోపలికి పోనిచ్చాడు.

అడుగున మూడు గుడ్లు తగిలాయి.